మీటరులో 8, జాబ్ మీద తుప్పు

ఈ ఉత్తరం రాసింది ఒక మెషీన్ షాపులో పనిచేసే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) ఆపరేటర్. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి కుదించి చెబుతున్నాను.

వాళ్ల షాపులో 14 మెషీన్లు. కూలెంట్ (లోహాన్ని కోసేటప్పుడు వేడి తగ్గడానికి పోసే, ఆయిల్ కలిపిన నీళ్లు) సంగతి చూసుకునే పెద్దాయన నాలుగు నెలల క్రితం రిటైరయ్యారు. వెళ్తూ వెళ్తూ కూలెంట్ చిక్కదనం చూసే మీటరు (రిఫ్రాక్టోమీటరు) ఒకటి, ఒక రిజిస్టరు ఈయన చేతిలో పెట్టి, "రోజూ చూసి రాయి, 8కీ 10కీ మధ్య ఉంటే చాలు" అని ఐదు నిమిషాల్లో పని అప్పగించేశారు. గోడ మీది చార్టులోనూ అదే ఉంది: 8–10. తన మెషీన్ తను నడుపుకుంటూనే ఇదీ చూడాలి. ఇందుకని వేరే టైమంటూ ఎవరూ ఇవ్వలేదు.

మొదట్లో శ్రద్ధగానే చూశారట. పని ఒత్తిడి పెరిగాక ఒకరోజు చూడకుండా నిన్నటి అంకే రాశారు. ఏమీ కాలేదు. మర్నాడూ అంతే. అలా ఆరు వారాలపాటు అన్ని మెషీన్లకూ 8, 8, 8 అని నింపుకుంటూ పోయారు. ఈలోగా గోడవారనున్న రెండు పాత లేత్‌ల (లోహాన్ని తిప్పుతూ కోసే మెషీన్లు) మీద చేసిన పోత ఇనుము జాబ్‌లకు, అంటే తయారైన భాగాలకు, తెల్లారేసరికి తుప్పు పట్టడం మొదలైంది. సోమవారం ఉదయం ఆ లేత్‌ల పంపు వేస్తే కుళ్లిన కోడిగుడ్ల వాసన. కొత్తగా వచ్చిన వీఎంసీ (నిలువు స్పిండిల్‌తో కోసే సీఎన్‌సీ మెషీన్) మీద పనిచేసే ఇద్దరికి చేతులు దురద, వేళ్ల సందుల్లో పగుళ్లు. పాత లేత్‌లు నడిపే సీనియర్‌ని ఈయన "అన్నా" అని పిలుస్తారు. ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా ఆయన నీళ్ల పైపు పెట్టేస్తారు. ఇదేంటన్నా అంటే, "నువ్వు పుట్టకముందు నుంచీ ఇలాగే పోస్తున్నా" అన్నారట. కొత్త వీఎంసీలో మాత్రం ఈయనే పోస్తారు, ఎప్పుడు పోసినా మీటరులో 8 వచ్చేలా కలిపిన కూలెంటే.

పోయిన నెల ఒక కస్టమర్ తుప్పు పట్టాయని ఒక పెట్టె జాబ్‌లు తిప్పి పంపారు. త్వరలో వాళ్ల మనుషులే వచ్చి చూస్తారట. కూలెంట్ రిజిస్టరు సిద్ధంగా ఉంచమని మేనేజరు చెప్పారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. మర్నాడు నిజంగానే 14 మెషీన్లూ చూశారు. పాత లేత్‌లు రెండూ 8 దగ్గరే ఉన్నాయి, కాకపోతే మీటరులో అంకె చూపించే "గీత మసగ్గా, ఎక్కడ చదవాలో తెలియనట్టు" ఉందట. కొత్త వీఎంసీలో గీత స్పష్టంగా 8.5. ఉత్తరం మధ్యలో, వేరే ఏదో చెబుతూ, "డ్రమ్ము మీద ఫ్యాక్టర్ 1.5 అని ఉంటుంది, అదేమిటో నాకు తెలియదు" అని ఒక ముక్క రాసి వదిలేశారు.

ఆయన అడుగుతున్నవి: మీటరు 8 చూపిస్తుంటే తుప్పెందుకు పడుతోంది? తప్పంతా నాదేనా? మేనేజరుకి నిజం చెప్పాలా, ఇకనుంచి సరిగ్గా రాసుకుంటే చాలా? అన్నతో గొడవ లేకుండా ఆ నీళ్ల పైపు ఆపించేదెలా? ఇదంతా వద్దనుకుని ఉద్యోగం మానేస్తే?

సమాధానం

మీ టెన్షనంతా రిజిస్టరు గురించి. నేను మాత్రం మీటరు దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే ఆ ఆరు వారాలూ మీరు ఒక్కరోజు కూడా మానకుండా చూసి రాసినా బాధ పెడుతున్న ఆ మూడు మెషీన్లకీ రిజిస్టరులో దాదాపు ఇవే అంకెలు ఉండేవి. తుప్పూ పట్టేది, వాళ్ల చేతులూ దురద పెట్టేవి. చూడకుండా రాయడం తప్పే, దాని దగ్గరికి వస్తాను. కానీ తుప్పుకి కారణం అది ఒక్కటే అనుకుని మీ మీద వేసుకుంటే, అసలు కారణం ట్యాంకులోనే ఉండిపోతుంది.

రిఫ్రాక్టోమీటరుకి కూలెంట్ అంటే ఏమిటో తెలియదు. అందులోంచి వెళ్లే వెలుతురు ఎంత వంగుతోందో అది చూస్తుంది, అంతే. దాని మీద ఉన్న బ్రిక్స్ స్కేలు పంచదార కోసం పుట్టింది: 100 గ్రాముల పంచదార నీళ్లలో 1 గ్రాము పంచదార ఉంటే 1 బ్రిక్స్. కూలెంట్ ఆయిల్ వెలుతురుని పంచదారంత వంచదు. ఏ కూలెంట్ ఎంత వంచుతుందన్నది దాని తయారీని బట్టి మారుతుంది. పాలలా తెల్లగా ఉండే సొల్యుబుల్ ఆయిల్ అయితే తేడా పెద్దగా ఉండదు. సెమీ సింథటిక్, సింథటిక్ రకాల్లో బాగా ఉంటుంది. ఆ తేడాని సరిచేయడానికి తయారీదారు ఇచ్చేదే ఫ్యాక్టర్. మీటరులో వచ్చిన అంకెని ఫ్యాక్టర్‌తో గుణిస్తే అసలు శాతం వస్తుంది. మీరు అర్థం కాక వదిలేసిన ఆ 1.5 అదే.

ఇప్పుడు కొత్త వీఎంసీ లెక్క చూడండి. 8.5ని 1.5తో గుణిస్తే 12.75. చార్టులో ఉన్న 8–10 శాతమే అయితే (కూలెంట్ల సిఫారసులు మామూలుగా శాతంలోనే ఉంటాయి, అయినా డేటా షీట్ తీసి చూసుకోండి) ఆ ఇద్దరూ రోజంతా దాదాపు 13 శాతం కూలెంట్‌లో చేతులు పెడుతున్నారు. కూలెంట్ క్షారగుణం ఉన్నది, పైగా అందులో సబ్బు లాంటి పదార్థాలుంటాయి. చిక్కగా ఉన్నకొద్దీ చర్మం మీది సహజమైన జిడ్డుని తీసేస్తుంది. దురద, పగుళ్లు అక్కడ మొదలవుతాయి.

పాత లేత్‌ల కథ దీనికి తలకిందులు. అక్కడా మీటరు 8 అంది, కానీ గీత మసగ్గా ఉందన్నారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. స్లైడ్‌వే ఆయిల్ (మెషీన్‌లో జారే భాగాలకు వేసేది), హైడ్రాలిక్ ఆయిల్ (ఒత్తిడితో భాగాలను కదిపేది) కారి కూలెంట్‌లో కలిసిపోతే గీత అలా చెదురుతుంది. ఆ ఆయిల్‌ని కూడా మీటరు కూలెంట్ కిందే లెక్కేస్తుంది. అంటే ఆ 8లో కూలెంట్ వాటా ఎంతో, కారిన ఆయిల్ వాటా ఎంతో మీటరు చెప్పలేదు. అన్న ఏళ్లుగా నీళ్లే పోస్తున్నారు, తుప్పు పడుతోంది, వాసన వస్తోంది. ఇవన్నీ కలిపి చూస్తే అసలు కూలెంట్ 4 శాతమో ఇంకా తక్కువో ఉంటుందని నా అంచనా. కొలిస్తే గానీ తేలదు. ఒకే షాపులో ఒకే అంకె, రెండు చోట్ల రెండు వేరు వేరు జబ్బులు. కాబట్టి రెండింటికీ ఒకే మందు వేయకండి.

కొలిచే పద్ధతి సరిచేసుకోవడానికి ఒక పూట చాలు. ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి మీటరు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. లేకపోతే స్క్రూ తిప్పి సున్నాకి తీసుకురండి. తర్వాత మీ షాపు నీళ్లు 92 మిల్లీలీటర్లు కొలిచి, డ్రమ్ములోని ఆయిల్ 8 మిల్లీలీటర్లు అందులో పోసి బాగా కలపండి. ఇది కచ్చితంగా 8 శాతం. దీన్ని మీటరులో చూస్తే 5.3 ప్రాంతంలో రావాలి. వచ్చిందా, 1.5 ఫ్యాక్టర్ నిజమే. రాకపోతే 8ని వచ్చిన అంకెతో భాగించండి, మీ ఫ్యాక్టర్ మీకు దొరుకుతుంది. ఇలాగే 4, 6, 10 శాతాలు కూడా కలిపి చూసి ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. అన్నట్టు, ఎప్పుడు కలిపినా నీళ్లలో ఆయిల్ పోయాలి. ఆయిల్‌లో నీళ్లు పోయకూడదు. పని నేర్చుకునే రోజుల్లో నేను ఒక బకెట్ నిండా తిరగేసి కలిపి, పెరుగు విరిగినట్టున్న ముద్దని చూస్తూ నిలబడ్డాను. ఎంత కలియబెట్టినా అది మళ్లీ కూలెంట్ కాలేదు.

శాంపిల్ ఎక్కడ తీస్తారన్నది కూడా ముఖ్యమే. ట్యాంకు పైన ముంచితే తేలిన ఆయిల్ వస్తుంది. కాసేపు పంపు తిప్పి నాజిల్ దగ్గర పట్టండి. వేడిగా ఉంటే చల్లారనివ్వండి. ముందు రోజు శాంపిల్ ఎండి మీటరు గాజు (ప్రిజం) మీద అంటుకుని ఉంటే అంకె ఎక్కువ వస్తుంది కాబట్టి చూసిన ప్రతిసారీ నీళ్లతో తుడవండి.

పాత లేత్‌ల శాంపిల్‌ని ఒక గాజు సీసాలో రాత్రంతా కదపకుండా ఉంచండి. పైకి తేలిన ఆయిల్ ఎంత మందంగా ఉందో కళ్లారా కనిపిస్తుంది. కింద నుంచి డ్రాపర్‌తో తీసి చూస్తే అంకె కాస్త నిజానికి దగ్గరవుతుంది, పూర్తిగా కాదు. కూలెంట్‌లో బాగా కలిసిపోయిన ఆయిల్ పైకి తేలదు. అలాంటి చోట టైట్రేషన్ చేయాలి. అంటే కొలిచిన శాంపిల్‌లో రంగు మారేదాకా ఒక రసాయనం ఒక్కో చుక్క వేసి లెక్కపెట్టడం. కూలెంట్ సప్లై చేసేవాళ్లని అడిగితే వాళ్ల రకానికి సరిపోయే కిట్ ఇస్తారు, లేదా శాంపిల్ తీసుకెళ్లి వాళ్లే చూసి చెబుతారు. చాలామంది ఇది అడగరు. అడగండి. పీహెచ్ పేపర్ (ఆమ్లగుణమా, క్షారగుణమా, ఎంత అన్నది చూపే కాగితం) కూడా ఒక చుట్ట దగ్గర పెట్టుకోండి. మామూలుగా నడుస్తున్న కూలెంట్ పీహెచ్ 8.5 నుంచి 9.5 మధ్య ఉంటుంది. వారం వారం కిందికి దిగుతోందంటే లోపల బ్యాక్టీరియా పెరుగుతోందని. వాసన వచ్చేదాకా ఆగక్కర్లేదు, పీహెచ్ ముందే చెబుతుంది.

సోమవారం వాసన సంగతి. ఆదివారం పంపు ఆగి ఉంటుంది. పైన తేలిన ఆయిల్ పొర మూతలా కప్పేస్తుంది, కింద గాలి ఆడదు. గాలి అక్కర్లేని బ్యాక్టీరియాకి అంతకంటే కావలసిందేముంది? అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే ఆ కోడిగుడ్ల కంపు. దీనికి ఎవరైనా బ్లీచింగ్ పౌడరో, ఫినాయిలో పోయమని సలహా ఇస్తే వినకండి. బ్లీచింగ్‌లోని క్లోరిన్ చివరికి క్లోరైడ్‌గా మిగిలి తుప్పుని ఇంకా పెంచుతుంది. నైట్రైట్ ఉన్న తుప్పు మందులూ మీ అంతట మీరు కలపకండి. కూలెంట్‌లో ఉండే అమీన్లు అనే రసాయనాల్లో కొన్నిటితో కలిస్తే నైట్రోసమీన్లు తయారవుతాయి, వాటిలో క్యాన్సర్ కలిగించేవి ఉన్నాయి.

మరి ఏం చేయాలి? ముందు కొత్త వీఎంసీ, అది తేలిక. ఆవిరైపోయేది నీళ్లే, ఆయిల్ కాదు. మీరేమో పోయిన నీళ్లకి బదులు పూర్తి చిక్కదనం ఉన్న కూలెంట్ పోస్తూ వచ్చారు. ఆ 8 కూడా మీటరు 8, అంటే అసలు 12 శాతం. అది పైకి తప్ప కిందికి ఎలా వస్తుంది? అక్కడ కొన్నాళ్లు ఉత్త నీళ్లే పోయండి. నవ్వొస్తోంది గానీ, అన్న గారి పైపు ఈ మెషీన్ దగ్గర ఉండాల్సింది! నీళ్లే పోస్తుంటే శాతం పెరగడం ఆగుతుంది. జాబ్‌లకీ చిప్స్‌కీ (కోసేటప్పుడు రాలే లోహపు పొట్టుకీ) అంటుకుని బయటికి పోయే కూలెంట్ వల్ల మెల్లగా దిగుతుంది. కాకపోతే వారాలు పట్టవచ్చు, అన్ని రోజులూ ఆ ఇద్దరి చేతులు అందులోనే ఉంటాయి. తొందరగా కావాలంటే కొంత తీసేసి నీళ్లు నింపాలి. ట్యాంకు 300 లీటర్లనుకుంటే దాదాపు 110 లీటర్లు తీసి అంతే నీళ్లు పోస్తే 8 శాతానికి వస్తుంది. తీసినది శుభ్రంగానే ఉంటే పారబోయక్కర్లేదు. నీళ్లు కలిపి, శుభ్రంగా ఉన్న మిగతా మెషీన్లలో మట్టం తగ్గినప్పుడు వాడుకోవచ్చు. పాత లేత్‌లలో మాత్రం ఇప్పుడే పోయకండి, వృథా.

ఒకసారి అసలు 8 శాతానికి వచ్చాక నీళ్లూ వద్దు, 8 శాతమూ వద్దు. మధ్యస్థంగా 3, 4 శాతం కలిపి పోయండి. ఎంత సరిపోతుందో మెషీన్‌ని బట్టి ఉంటుంది. పోయేది ఎక్కువగా ఆవిరి రూపంలోనా, చిప్స్‌తోనా అన్నదాన్ని బట్టి రెండు వారాల అంకెలు చూసి మీరే సర్దుకోవాలి. ఈ పనికి రిజిస్టరు నిజంగా అక్కరకొస్తుంది.

పాత లేత్‌లకి రెండు దారులున్నాయి. ఉన్న కూలెంట్‌నే బాగుచేయడం ఒకటి. తేలిన ఆయిల్ తీసేసి, శాతం పెంచాలి. లెక్క ఇలా ఉంటుంది: ట్యాంకు 200 లీటర్లు, ఇప్పుడు 160 ఉంది, అది 4 శాతం అనుకుందాం. అందులో కూలెంట్ ఆయిల్ 6.4 లీటర్లు. 200 లీటర్లు 8 శాతంలో ఉండాలంటే 16 కావాలి. తక్కువైన 9.6 లీటర్లని బయట నీళ్లలో కలిపి 40 లీటర్లు చేసి పోయాలి. అది 24 శాతం, బాగా చిక్కన, కాబట్టి పంపు తిరుగుతుండగా రెండు దఫాలుగా పోయండి. ఈ దారిలో ప్రొడక్షన్ ఆగదు, మేనేజరుకి నచ్చుతుంది. కానీ పీహెచ్ 8 కంటే కిందికి పడిపోయి ఉండి, పోసిన మర్నాటికి కూడా లేవకపోతే మీరు కొత్త ఆయిల్‌ని కుళ్లిన దానిలో పోసినట్టే. నాలుగు రోజులు బాగున్నట్టుండి మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది మొత్తం తీసేయడం. సిస్టమ్ క్లీనర్ పోసి కొన్ని గంటలు తిప్పి, పాతది వదిలి, అడుగున పేరుకున్న బురద, చిప్స్ చేత్తో తీసి, కడిగి, కొత్తది నింపడం. లేత్‌కి ఒక షిఫ్టు పోతుంది. పాత కూలెంట్‌ని కాలవలో వదలకూడదు, పారిశ్రామిక వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి, దానికీ ఖర్చుంటుంది. తొందరపడి బురద తీయకుండా కొత్తది పోస్తే ఆ బురదలోని బ్యాక్టీరియా కొత్తదాన్నీ పట్టుకుంటుంది. మీరు రాసిన వాసన ప్రకారం నా మొగ్గు ఈ రెండో దారి వైపే. అయితే ఏ దారి పట్టినా ఆయిల్ కారడం ఆగకపోతే రెండు నెలల్లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. చక్ (జాబ్‌ని పట్టుకునే భాగం) హైడ్రాలిక్ సీల్ పోయిందా, స్లైడ్‌వే ఆయిల్ పంపు అవసరానికి మించి కొడుతోందా చూడమని మెయింటెనెన్స్‌కి రాసి ఇవ్వండి. నోటితో చెప్పకండి, రాసి ఇవ్వండి. తేలిన ఆయిల్‌ని తీసేసే స్కిమ్మర్ పెట్టించగలిగితే సగం బాధ పోతుంది.

ఒక అనుమానం కూడా చెప్పాలి. తిరిగొచ్చిన ఆ పెట్టెలోని తుప్పంతా కూలెంట్ వల్లే అని ఇప్పుడే ఒప్పేసుకోకండి. జాబ్‌ల మీద తుప్పు ఎక్కడుందో చూడండి. వేలిముద్రల ఆకారంలో ఉంటే అది చెమట. రెండు జాబ్‌లు ఒకదానికొకటి ఆనుకున్న చోటే ఉంటే తడిగా పేర్చారని. అంతటా మిరియం గింజలు చల్లినట్టు చుక్కలుంటే అప్పుడు కూలెంట్‌నో నీళ్లనో అనుమానించాలి. నీళ్లు ఆవిరవుతుంటే వాటిలోని ఉప్పులు ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఏళ్లుగా పైపు నీళ్లు పోస్తున్న ట్యాంకులో క్లోరైడ్లు ఎంత పేరుకున్నాయో! శాతం సరిగ్గా ఉన్నా అవి తుప్పు పట్టించగలవు. పైగా కూలెంట్ ఇచ్చే రక్షణ మెషీన్ నుంచి మెషీన్‌కి వెళ్లే దాకానే. పెట్టెలో కట్టి పంపేముందు జాబ్‌లకి తుప్పు పట్టకుండా ఆయిల్ రాస్తున్నారా, లేదా? అది మీ పని కాకపోవచ్చు, కానీ మేనేజరు ముందు కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న బల్ల మీద ఉండాలి.

ఇక రిజిస్టరు. మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు.

మాట్లాడకుండా రేపటి నుంచి నిజమైన అంకెలు రాయడం అన్నిటికంటే సుఖంగా కనిపిస్తుంది. కానీ ఆరు వారాలు కదలకుండా 8 ఉన్న చోట హఠాత్తుగా 5.6, 8.5, 6.1 అని కనిపిస్తే ఎవరైనా వేలు పెట్టి అడుగుతారు. అసలు కూలెంట్ సంగతి తెలిసినవాళ్లకి ఆ పేజీలు చూడగానే అర్థమైపోతుంది. 14 మెషీన్లు, ఒక్కోదాంట్లో ఒక్కో రకం పని, రోజూ ఆవిరయ్యే నీళ్లు, రోజూ పోసే నీళ్లు, అయినా ఆరు వారాలు అంకె కదల్లేదంటే ఎవరు నమ్ముతారు? కస్టమర్ తరఫున వచ్చేవాళ్లు ముందు వెతికేది అలాంటి పేజీలనే. వాళ్లు కనిపెడితే అది మీ ఒక్కరి పొరపాటుగా మిగలదు, కంపెనీ తప్పుడు రికార్డు చూపించినట్టవుతుంది. మేనేజరుకి తెలియకుండా ఆయన్ని ఆ స్థితిలోకి నెట్టినవాళ్లు మీరవుతారు.

పాత పేజీలు చింపి, అంకెలు అటూ ఇటూ మార్చి కొత్తగా రాయడం మరో దారి. మీరు అడగలేదు గానీ, నిద్ర పట్టని రాత్రి ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. వద్దు. ఇప్పటిదాకా జరిగింది బద్ధకమూ, టైము లేకపోవడమూ. ఆ పని చేస్తే అది మోసం.

మూడోది, కస్టమర్ మనుషులు రాకముందే మీరే వెళ్లి చెప్పడం. ఖాళీ చేతులతో వెళ్లకండి. మీటరు సున్నా చూసి, మీ చేత్తో 8 శాతం కలిపి, ఫ్యాక్టర్ తేల్చుకుని, 14 మెషీన్ల అసలు అంకెలు, పీహెచ్ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. "సార్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా నేను చూడకుండా రాశాను. ఆ పేజీలని కొలతలుగా తీసుకోవద్దు. ఇవి ఈ వారం కొలిచినవి. మనం మీటరు చదివే పద్ధతిలోనే తప్పుంది, అది కూడా కనుక్కున్నాను." ఇంతే. పెద్దాయన ఐదు నిమిషాల్లో అప్పగించారనీ, అన్న నీళ్లు పోస్తారనీ మొదటి మాటల్లో అనకండి. ఎంత నిజమైనా సాకులా వినిపిస్తుంది. ఆయనే అడుగుతారు, అప్పుడు చెప్పండి. తిట్లు తప్పవు. మెమో రావచ్చు. ఉద్యోగానికి ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను, ఆ మనిషి నాకు తెలియదు. కానీ తుప్పు ఎక్కడి నుంచి వస్తోందో షాపులో చెప్పగలిగిన మనిషి ఆ రోజుకి మీరొక్కరే అవుతారు. ఆ విలువ తెలియని మేనేజర్లు తక్కువ.

ఒకవేళ ఆయన "అవన్నీ ఎందుకు, పాత పేజీలు అలాగే ఉంచు" అంటే? అది ఆయన నిర్ణయం, మీరు మాత్రం ఇంకో అబద్ధపు అంకె మీద సంతకం పెట్టకండి. చెప్పిన రోజు, తేదీ మీ దగ్గర రాసి పెట్టుకోండి.

అదే సమయంలో టైము కూడా అడగండి. ఒక మెషీన్‌కి రెండు నిమిషాలు వేసుకున్నా 14కి దాదాపు అరగంట. మీ మెషీన్ నడుపుతూ ఆ అరగంట ఎక్కడినుంచి తెస్తారు? అన్నీ రోజూ చూడాలన్న నియమాన్ని నేనైతే మార్చమంటాను. బాధ పెడుతున్న మూడింటినీ రోజూ, మిగతావాటిని వారానికి రెండుసార్లు. నిజంగా కొలిచిన రెండు అంకెలు, ఊహించి రాసిన ఆరింటికంటే చాలా ఎక్కువ చెబుతాయి. "చూడలేదు" అని రాసే గడి కూడా రిజిస్టరులో ఉండాలి. ఆ గడి లేకపోవడం వల్లే చాలా షాపుల్లో 8 అని రాస్తారు.

అన్న విషయంలో వాదన పెట్టుకుంటే ఓడిపోతారు. ఆయన అనుభవం మీ వయసంత. అదీగాక ఆయన చేసేది మొదట్లో పనిచేసే ఉంటుంది: సగం ఆవిరే కదా పోయేది, కొంతకాలం నీళ్లు పోసినా శాతం పెద్దగా పడదు. జాబ్‌లతో, చిప్స్‌తో పోయే కూలెంట్ లెక్కలోకి రాక నెమ్మదిగా పలచబడింది. మాటలు వద్దు, ఒక పని చేయండి. మీ లేత్‌లలో రాలే పోత ఇనుము చిప్స్ శుభ్రంగా ఉన్నవి తీసుకోండి. నాలుగు చిన్న మూత గిన్నెల్లో ఒక్కోదాంట్లో ఫిల్టర్ పేపర్ వేసి, దాని మీద 2 గ్రాముల చిప్స్ పరచండి. మూడింటిలో మీరు కలిపిన 2, 5, 8 శాతం కూలెంట్ 2 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. నాలుగో దాంట్లో ఆయన లేత్ ట్యాంకులోది. మూత పెట్టి రెండు గంటలు ఆగి, చిప్స్ దులిపి కాగితం చూడాలి. తుప్పు మరకలు ఎక్కడెంత ఉన్నాయో కాగితమే చూపిస్తుంది. ఇది నేను కల్పించింది కాదు, డీఐఎన్ 51360 అనే జర్మన్ ప్రమాణంలో రెండో భాగంలో ఉన్న పరీక్షే, ల్యాబుల్లో చేసేది. ఆ గిన్నెలు మీ బల్ల మీద కాకుండా ఆయన బల్ల మీద పెట్టండి. "అన్నా, ఇవి కాస్త చూస్తుండవా, రెండు గంటలకి నేనొస్తా" అనండి. మూతలు ఆయన్నే తీయనివ్వండి.

తర్వాత ఆయన దగ్గర ఒక డబ్బా 4 శాతం కలిపి పెట్టండి, పైపు కంటే దగ్గరగా. మట్టం తగ్గినప్పుడు చేతికి ఏది ముందు అందితే అదే పోస్తారు ఎవరైనా. వాడినప్పుడల్లా మళ్లీ నింపే బాధ్యత కొన్నాళ్లు మీదే.

చేతులు దురద పెడుతున్న ఆ ఇద్దరిని ఈ లెక్కలన్నీ తేలేదాకా ఆపకండి, డాక్టర్‌కి ఇవాళే చూపించుకోమనండి. వెళ్లేటప్పుడు కూలెంట్ సేఫ్టీ డేటా షీట్ పట్టుకెళ్లాలి, చర్మ డాక్టర్‌కి అది చాలా అవసరం. శాతం 8కి దించాక ఉత్త మంట అయితే తగ్గుతుంది. అలర్జీగా మారి ఉంటే మాత్రం తక్కువ శాతానికి కూడా దురద వస్తుంది, అప్పుడు వేరే మెషీన్‌కి మారడమో, కూలెంట్ రకం మార్చడమో చేయాలి. చిప్స్ ఉన్న మసిగుడ్డతో చేతులు తుడుచుకోవడం మానమనండి. జాబ్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు గ్లవ్స్ సరే, తిరుగుతున్న స్పిండిల్ దగ్గర, చక్ దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ గ్లవ్స్ వద్దు. పాత లేత్‌ల దగ్గర ఎవరికైనా పని రోజుల్లో దగ్గు, ఆయాసం వచ్చి సెలవు రోజుల్లో తగ్గుతుంటే దాన్నీ తేలిగ్గా తీసుకోకండి. బ్యాక్టీరియా పట్టిన కూలెంట్ తుంపర్లు పీల్చడం వల్ల ఊపిరితిత్తుల జబ్బు వస్తుందన్నది నమోదైన విషయమే.

ఉద్యోగం మానేయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎప్పుడైనా మానేయవచ్చు. ఇప్పుడు మానేస్తే ఆ ఆరు వారాల పేజీలు మీ చేతిరాతతో అక్కడే ఉంటాయి, వివరించడానికి మీరుండరు.

రేపు షాపుకి వెళ్లగానే డ్రమ్ము మీది ఆ 1.5ని మార్కర్‌తో మీటరు పెట్టె మూత మీద రాయండి. మీరు కలిపి చూసినప్పుడు కూడా అదే తేలితే, గోడ మీది చార్టులో 8–10 కింద ఇంకో వరుస చేర్చండి: మీటరులో అయితే 5.3 నుంచి 6.7.